ఇంట్లో టెకీలా సోడా కలపడం: ఐసు దగ్గర మొదలుపెట్టండి

ఈ ఎండాకాలం నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే. "బార్‌లో తాగితే అంత హాయిగా ఉండే టెకీలా సోడా, ఇంట్లో కలిపితే ఎందుకు కుదరడం లేదు?" నీళ్లలా ఉందని ఒకరంటారు, గొంతు మండుతోందని ఇంకొకరు, చివర్లో చేదు తగులుతోందని మరొకరు.

మొదటి రెండింటికీ కారణం చాలాసార్లు ఒకటే: చల్లదనం చాలకపోవడం. చేదు మాత్రం ఎక్కువగా నిమ్మకాయ నుంచే వస్తుంది. ఇందులో ఉండేవి టెకీలా (అగావే మొక్కతో చేసే మెక్సికో మద్యం), సోడా, నిమ్మరసం, ఐసు, కాస్త ఉప్పు. చక్కెర లేదు, సిరప్ లేదు. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా నాలుకకు వెంటనే తెలిసిపోతుంది. పైగా మే నెల హైదరాబాద్‌లో 40 డిగ్రీలు దాటే ఎండలో బయట పెట్టిన ప్రతిదీ నిమిషాల్లో వెచ్చబడుతుంది. అందుకే అసలు పని సీసా మూత తీయకముందే అయిపోవాలి. కలపడానికి పట్టేది రెండు నిమిషాలే.

తెలంగాణలో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. ఈ రాత ఆ వయసు నిండినవాళ్ల కోసమే.

## 1. ఒక గ్లాసుకు కొలతలు

- టెకీలా: 45 మి.లీ.
- బాగా చల్లబడిన సోడా: 135 మి.లీ.
- అప్పుడే పిండిన నిమ్మరసం: 10 మి.లీ., అంటే 2 టీస్పూన్లు
- మెత్తటి ఉప్పు: చిటికెలో సగం
- ఐసు: గ్లాసు నిండా
- గ్లాసు: 350 మి.లీ. పట్టే పొడవాటి గాజు గ్లాసు

మనకు అలవాటైన లెక్క 30 మి.లీ. (ఒక పెగ్గు) లేదా 60. 30 పోస్తే సోడాలో టెకీలా వాసనే తెలియదు. 60 పోస్తే ఘాటు పైకి వస్తుంది, ఐసు నిండిన గ్లాసులో సోడాకు చోటూ చాలదు. ఒకటిన్నర పెగ్గు, దానికి మూడింతలు సోడా అన్నది నాకు ఎప్పుడూ కుదిరిన కొలత.

పెగ్ మెజర్ లేకపోతే వంటింటి టేబుల్ స్పూన్ వాడండి. అది 15 మి.లీ. కాబట్టి మూడు స్పూన్లు చాలు. దగ్గు మందు సీసాతో వచ్చే గీతల మూత కూడా, బాగా కడిగితే, పనికొస్తుంది. కంటి అంచనాతో మాత్రం పోయకండి. అంచనా ఎప్పుడూ ఎక్కువ వైపే మొగ్గుతుంది, రెండో గ్లాసుకు ఇంకా మొగ్గుతుంది.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోండి. 40 శాతం టెకీలా 45 మి.లీ.లో అసలు ఆల్కహాల్ 18 మి.లీ. 5 శాతం ఉండే 330 మి.లీ. బీరులో 16.5 మి.లీ. ఉంటుంది. అంటే ఈ ఒక్క గ్లాసు ఒక పింట్ బీరు కంటే కొంచెం ఎక్కువే. తాగుతుంటే నిమ్మసోడాలా తేలిగ్గా ఉంటుంది, అందుకే గ్లాసులు లెక్కపెట్టుకోవాలి.

## 2. రెండు రోజుల ముందు: ఐసు

నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టించుకునేది దీన్నే. ఎంత ఖరీదైన సీసా కొన్నా పాడు ఐసు దాన్ని పాడుచేస్తుంది.

నీళ్లు. బోరు నీళ్లతో ఐసు చేయకండి. మన నగరంలో చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పు నీళ్లు. ఆ రుచి కరిగి గ్లాసులోకి దిగుతుంది. ఆర్వో నీళ్లు గానీ, బబుల్ క్యాన్ నీళ్లు గానీ వాడండి. కుళాయిలో వచ్చే మంజీరా నీళ్లయితే మరిగించి, చల్లార్చి పోయండి.

వాసన. ఫ్రీజర్లో మూత సరిగ్గా లేని అల్లం వెల్లుల్లి పేస్టు, చేప ముక్కలు, మటన్ ఉంటే ఐసుకు ఆ వాసన పడుతుంది. కూల్‌డ్రింకులో ఇది బయటపడకపోవచ్చు, ఇందులో మొదటి గుక్కకే తెలుస్తుంది. ముందు ఫ్రీజర్ సర్దండి. గడ్డకట్టిన ముక్కల్ని ట్రేలో వదిలేయకుండా జిప్ కవర్లోకి మార్చండి.

పరిమాణం. చిన్న ముక్కలు త్వరగా కరుగుతాయి. ఫ్రిజ్‌తో వచ్చిన చిన్న గడుల ట్రే కంటే పెద్ద గడుల సిలికాన్ ట్రే మేలు. అది లేకపోతే పచ్చడి వడ్డించే చిన్న స్టీలు గిన్నెల్లో నీళ్లు పోసి గడ్డకట్టించండి. గ్లాసు మూతిలో పట్టే గిన్నెనే ఎంచుకోవాలి. తీసేటప్పుడు గిన్నె అడుగును ఒక్క క్షణం కుళాయి కింద పెడితే గడ్డ జారి వస్తుంది.

ఎంత కావాలి. మనిషికి రెండు గ్లాసుల చొప్పున అర కిలో అనుకోండి. మామూలు ట్రేలో ఒక విడతకు పావు కిలో చుట్టుపక్కలే వస్తుంది. అందుకే రెండు రోజుల ముందు మొదలుపెట్టి, పూటకో విడత తీసి కవర్లో పోగేయాలి.

ఈ లెక్క వేసుకోక నేను ఒకసారి ఇబ్బంది పడ్డాను. కూకట్‌పల్లిలో మా మేడ మీద మే నెల రాత్రి ఎనిమిది మందిని పిలిచి, రెండు ట్రేల ఐసుతో మొదలుపెట్టాను. మొదటి రౌండుకే అయిపోయింది. మా బావమరిది వెళ్లి చేపల మీద వేసే ఐసుగడ్డ ముక్క పట్టుకొచ్చాడు. అది గ్లాసులో వేసేది కాదు, ఏ నీళ్లతో చేశారో తెలియదు. ఆ రాత్రి మిగతా సీసా మూత పెట్టేసి, అందరికీ మజ్జిగ ఇచ్చాం. బయట ఐసు కొనక తప్పకపోతే తాగడానికని ప్యాక్ చేసి అమ్మే ఐస్ క్యూబులే కొనండి. గడ్డ ఐసు సీసాలు చల్లబరిచే టబ్బుకే.

నిండా ఎందుకు. "ఐసు ఎక్కువైతే డ్రింకు పలచనవుతుంది కదా" అని చాలామంది నాలుగు ముక్కలే వేస్తారు. జరిగేది దానికి విరుద్ధం. నాలుగు ముక్కలే ఉంటే గ్లాసంతటినీ చల్లబరచడానికి అవే కరిగిపోతాయి. గ్లాసు నిండా ఉంటే డ్రింకు వెంటనే చల్లబడుతుంది, ఆ తర్వాత కరగడం నెమ్మదిస్తుంది.

## 3. సీసా ఎంచుకోవడం

లేబుల్ మీద "100 శాతం అగావే" అని ఉందా లేదా అన్నది మొదట చూడండి. ఆ మాట లేకపోతే అది మిక్స్‌టో రకం కావచ్చు. అందులో కనీసం 51 శాతం చక్కెరలు అగావే మొక్కవి అయితే చాలు, మిగతావి చెరకు వంటి వాటి నుంచి రావచ్చు. కోలాలో కలిపితే ఈ తేడా తెలియకపోవచ్చు. సోడాలో మాత్రం తెలుస్తుంది.

రకం: బ్లాంకో, అంటే రంగు లేనిది. కనీసం 2 నెలలు ఓక్ పీపాల్లో ఉంచిన రెపొసాడో కూడా బాగుంటుంది, వెనీలా ఛాయ కొంచెం తగులుతుంది. ఏడాది, ఆపైన పీపాల్లో ఉంచిన అన్యేహోను సోడాలో పోయడం నాకు ఇష్టం ఉండదు. దాని నెమ్మదైన రుచి బుడగల్లో కొట్టుకుపోతుంది, ఆ డబ్బు వృథా. బంగారు రంగు చూసి పాతదనుకోకండి. కొన్నిటికి ఆ రంగు క్యారమెల్‌తో వస్తుంది.

మన పొలాల గట్ల మీద, రైలు కట్టల పక్కన కనిపించే కిత్తనార కూడా అగావే జాతిదే. దక్కన్‌లో పెరిగే అగావేతో మన దేశంలోనూ మద్యం తయారవుతోంది. దాన్ని టెకీలా అని అమ్మకూడదు, ఎందుకంటే ఆ పేరు మెక్సికోలోని హలిస్కో రాష్ట్రం, మరికొన్ని నిర్ణీత ప్రాంతాల్లో నీలి అగావేతో చేసినదానికే చెల్లుతుంది. ఈ పద్ధతిలో అయితే దాన్నీ వాడుకోవచ్చు.

లైసెన్సు ఉన్న వైన్ షాపులోనే కొనండి. సీలు, ఎక్సైజ్ హోలోగ్రామ్ స్టిక్కర్ చూసి తీసుకోండి. 750 మి.లీ. సీసాలో 45 చొప్పున 16 గ్లాసులు వస్తాయి. డ్రై డే (మద్యం షాపులు మూసే రోజు) ఎప్పుడో ముందే చూసుకుంటే ఆఖరి నిమిషం టెన్షన్ ఉండదు.

## 4. సోడా

చల్లటి నీటిలో గ్యాస్ నిలుస్తుంది, వెచ్చబడితే వెళ్లిపోతుంది. కాబట్టి సోడాను ముందు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టండి. హడావిడిగా ఉంటే బకెట్‌లో ఐసు, నీళ్లు, గుప్పెడు రాళ్ల ఉప్పు వేసి సీసాను మెడ దాకా ముంచండి. 20 నిమిషాల్లో చల్లబడుతుంది. ఫ్రీజర్లో పెట్టి మరిచిపోతే సీసా ఉబ్బుతుంది, గాజుదైతే పగులుతుంది.

ఒక్కరికో ఇద్దరికో అయితే చిన్న సీసాలు కొనండి. పెద్ద సీసా తెరిచాక అరగంటలో అయిపోవాలి. మూత పెట్టేముందు ప్లాస్టిక్ సీసాను నొక్కి గాలి తీసేస్తే గ్యాస్ నిలుస్తుందని కొందరు నమ్ముతారు. నొక్కిన సీసా మళ్లీ ఉబ్బడానికి లోపలి గ్యాసే నీళ్లలోంచి బయటికొస్తుంది, అంటే నష్టమే ఎక్కువ. మూత గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో పెడితే చాలు.

టానిక్ వాటర్ సోడా కాదు. అందులో క్వినైన్ చేదు, సాధారణంగా చక్కెర ఉంటాయి. నిమ్మ రుచి కూల్‌డ్రింకు పోస్తే అది వేరే డ్రింకు. గోలీ సోడా నాకు చాలా ఇష్టం, కానీ తియ్యటి రకాలు ఇక్కడ కుదరవు. సాదాదైతే, నీళ్ల మీద మీకు నమ్మకం ఉంటే, వాడండి. ఇంట్లో సోడా మెషీన్ ఉంటే అందులో మంచినీళ్లకే గ్యాస్ పట్టించాలి. టెకీలానో నిమ్మరసమో కలిపి పెడితే పొంగి చిమ్ముతుంది.

## 5. నిమ్మకాయ

నకిరేకల్ నుంచో గూడూరు నుంచో వచ్చే మన చిన్న నిమ్మకాయ దీనికి చక్కగా సరిపోతుంది. తొక్క పలచగా, నున్నగా, చేతిలో బరువుగా ఉండే కాయ ఎంచుకోండి. గరుకు తొక్క కాయలో రసం తక్కువ. మంచి కాయకు 10 నుంచి 15 మి.లీ. వస్తుంది, అంటే గ్లాసుకో కాయ.

ఫ్రిజ్‌లోంచి తీసిన కాయను అలాగే కోయకండి. పావుగంట బయట ఉంచి, అరచేత్తో గట్టు మీద అదిమి దొర్లించి, అప్పుడు అడ్డంగా కోయండి. టీ వడపోసే జల్లెడ పట్టుకుని పిండితే గింజలు పడవు. ఆఖరి చుక్క దాకా తొక్కను నలిపేయొద్దు, చేదు వచ్చేది అక్కడి నుంచే. గింజ నలిగినా చేదే. సీసాలో దొరికే నిల్వ నిమ్మరసం వాడితే ఇంతసేపు పడ్డ శ్రమ పోయినట్టే.

పగలు మేడ మీదో, ఫామ్‌హౌస్‌లోనో కలిపేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. నిమ్మరసం అంటిన చర్మానికి ఎండ తగిలితే కాలినట్టు ఎర్రబడి, బొబ్బలు రావచ్చు, నల్ల మచ్చలు వారాల తరబడి ఉండిపోవచ్చు. నిమ్మకాయలు లోపలే పిండి, చేతులు సబ్బుతో కడుక్కుని ఎండలోకి వెళ్లండి.

## 6. కలిపే వరుస

వరుస మారితే రుచి మారుతుంది. ముఖ్యంగా సోడా ఎప్పుడూ ఆఖరే.

1. కడిగిన గ్లాసును బోర్లించి ఆరనివ్వండి. గుడ్డతో లోపల తుడిస్తే నూలు పోగులు అంటుకుంటాయి, ఆ పోగుల దగ్గరే బుడగలు పుట్టి గ్యాస్ త్వరగా పోతుంది. ఆరాక పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

2. ఐసును ఫ్రీజర్ నుంచి తీసి ఒక నిమిషం ఆగండి. పైన తడి మెరుపు రావాలి. పొడిగా ఉన్న ఐసు మీద ద్రవం పడితే టపటపా పగిలి చిన్న ముక్కలవుతుంది.

3. వేరే చిన్న గిన్నెలో నిమ్మరసం, ఉప్పు వేసి కరిగించండి. ఉప్పు ఉప్పగా అనిపించడానికి కాదు, చేదును అణచడానికి. నల్ల ఉప్పు వద్దు. దాని వాసన టెకీలా వాసనను మింగేస్తుంది.

4. గ్లాసును అంచు దాకా ఐసుతో నింపండి. పొడవాటి చెంచాతో ఐదారు సార్లు తిప్పి, అడుగున చేరిన నీళ్లు వంచేయండి.

5. టెకీలా 45 మి.లీ. కొలిచి పోయండి. దాని మీద నిమ్మరసం.

6. పది సెకన్లు తిప్పండి. టెకీలా ఇక్కడే చల్లబడాలి. వెచ్చటి టెకీలా మీద సోడా పడితే సగం గ్యాస్ అప్పుడే లేచిపోతుంది.

7. గ్లాసును కాస్త వంచి, లోపలి అంచు వెంట సోడాను మెల్లగా జార్చండి. పైనుంచి ధారగా కొట్టకండి.

8. చెంచాను అడుగుదాకా దించి, ఒక్కసారి పైకి లేపండి. అంతే. గిరగిరా తిప్పితే బుడగలు మిగలవు.

9. నిమ్మతొక్క చిన్న ముక్కను గ్లాసు పైన మెలిపెట్టి, నూనె చిమ్మాక లోపల వేయండి. ముందు తగిలే వాసన అదే.

కలిపిన ఐదు నిమిషాల్లో మొదటి గుక్క తాగాలి. తయారుచేసి పెట్టి, వచ్చినవాళ్లు కూర్చున్నాక ఇద్దామనుకునే డ్రింకు కాదు ఇది.

## 7. తేడా వస్తే

నీళ్లలా ఉంది. ఐసు తక్కువైంది, లేదా సోడా వెచ్చగా ఉంది. ఈ గ్లాసును బతికించాలంటే కొత్త ఐసు, ఒక టీస్పూన్ నిమ్మరసం వేయండి. టెకీలా ఇంకా పోస్తే ఘాటు పెరుగుతుంది తప్ప రుచి రాదు.

గొంతు మండుతోంది. కొలత తప్పింది, లేదా ఆరో మెట్టు దాటేశారు. 30 మి.లీ. చల్లటి సోడా చేర్చి, ఒక్కసారి లేపండి. కొలత సరిగ్గా ఉన్నా ప్రతిసారీ మండుతుంటే సీసా మార్చి చూడాలి.

చివర్లో చేదు. నిమ్మకాయను ఎక్కువ పిండారు, గింజ నలిగింది, లేదా రసం పొద్దున్నే పిండి ఉంచారు. రెండు ఉప్పు పలుకులు వేస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. తర్వాతి గ్లాసుకు కొత్త కాయ.

నురగ పొంగిపోయింది. సోడా పోశాక ఉప్పు వేశారన్నమాట. ఉప్పు రేణువుల చుట్టూ గ్యాస్ ఒక్కసారిగా లేస్తుంది. ఇకపై ఉప్పు నిమ్మరసంలోనే కరగాలి.

మరీ పుల్లగా ఉంది. పావు టీస్పూన్ పలచటి చక్కెర పాకం. పొడి చక్కెర వేస్తే అదీ పొంగుతుంది.

## 8. ఎనిమిది మంది వస్తే

ఒక్కో గ్లాసుకీ నిమ్మకాయ పిండుతూ నిలబడితే మీరు ఎవరితోనూ మాట్లాడలేరు. ఒక శుభ్రమైన సీసాలో 360 మి.లీ. టెకీలా, 80 మి.లీ. నిమ్మరసం, పావు టీస్పూన్ ఉప్పు కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. ఇది ఒక రౌండుకు, అంటే ఎనిమిది గ్లాసులకు. గ్లాసుకు ఈ మిశ్రమం 55 మి.లీ., ఆపైన సోడా 135. పార్టీకి రెండు మూడు గంటల ముందు కలిపితే చాలు, నిన్న రాత్రి కలిపినది వద్దు. సోడా మాత్రం ఎవరి గ్లాసులో వాళ్లకు అప్పటికప్పుడే పోయాలి.

ముందురోజు ఇవి చూసుకోండి:

- ఐసు 4 కిలోలు, అందులో సగం మీరు చేసుకున్నది
- 750 మి.లీ. సోడా సీసాలు 4, ఫ్రిజ్‌లో
- నిమ్మకాయలు 20
- పెగ్ మెజర్, పొడవాటి చెంచా, జల్లెడ, పట్టకారు
- తాగనివాళ్లకు నిమ్మకాయలు, సోడా విడిగా
- తినడానికి కడుపు నిండేవి

తాగనివాళ్లకు కూడా అదే గ్లాసులో, అదే ఐసుతో, అదే నిమ్మతొక్కతో సోడా ఇవ్వండి. ప్లాస్టిక్ కప్పులో కూల్‌డ్రింకు పోసి పక్కన పెట్టడం మర్యాద కాదు.

తిండి విషయంలో వేయించిన పల్లీలు, ఉల్లిపాయ ముక్కలు మాత్రమే పెట్టి ఊరుకోకండి. ఖాళీ కడుపున మందు త్వరగా ఎక్కుతుంది. అపోలో ఫిష్, చికెన్ 65, పనీర్ టిక్కా ఏదైనా మొదటి గ్లాసు కంటే ముందే బల్ల మీదికి రావాలి. రెండు గ్లాసుల మధ్య ఒక గ్లాసు మంచినీళ్లు.

## 9. రుచి మార్చాలనిపిస్తే

ముందు మామూలుది నాలుగైదు సార్లు కుదిరాక ఇవి ప్రయత్నించండి.

బత్తాయి: నిమ్మరసం సగానికి తగ్గించి, 30 మి.లీ. బత్తాయి రసం. నిల్వ ఉంటే చేదెక్కుతుంది కాబట్టి అప్పటికప్పుడే పిండాలి. పంపర పనస దొరికితే ఇంకా బాగుంటుంది.

పచ్చిమిర్చి: గింజలు తీసిన సన్నటి రెండు చక్రాలు, టెకీలాతో పాటు. అర నిమిషం తర్వాత తీసేయండి. ఉంచేస్తే కారమే మిగులుతుంది.

పుదీనా: ఆకుల్ని అరచేతుల మధ్య ఒక్కసారి చరిచి వేయండి. దంచితే పసరు వాసన.

## 10. తాగే ముందు, తాగాక

మెట్రోనిడజోల్ (ఒక యాంటీబయాటిక్) కోర్సులో ఉన్నవాళ్లు, నిద్రమాత్రలు వేసుకునేవాళ్లు తాగకూడదు. ఇన్సులిన్ లేదా షుగర్ మాత్రలు వాడేవాళ్లకు చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు, డాక్టరును అడక్కుండా ముట్టుకోవద్దు. గర్భిణులకు అసలు వద్దు.

బండి తాళాలు మొదటి గ్లాసుకు ముందే ఒకరి దగ్గర పెట్టించండి. 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ 30 మి.గ్రా. దాటి బండి నడిపితే నేరం. మొదటిసారి పట్టుబడితేనే 10,000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక్క గ్లాసే కదా అని లెక్కలు వేసుకోకుండా క్యాబ్ బుక్ చేయండి, లేదా మీ ఇంట్లోనే పరుపు వేయండి.

సీసాలో మిగిలింది మూత బిగించి, నిలబెట్టి, ఎండ తగలని అల్మారాలో పెట్టండి. ఇంట్లో పిల్లలుంటే తాళం వేసే అర. సగం కంటే తక్కువ మిగిలితే కొన్ని నెలల్లో వాడేయండి, ఆపైన వాసన పలచబడుతుంది. ఖాళీ అయిన ఐసు ట్రేలు ఆ రాత్రే కడిగి మళ్లీ నింపండి.